కుసుమ తీసేసిన నాలుగు వాక్యాలు

కాశీబుగ్గలో మోటార్లు రివైండింగు చేసే తారకేశ్వరరావు కొట్టుని ఆనుకుని ఒక ఇరుకు గది ఉండేది. దాని మీద రేకు బోర్డు, బోర్డు మీద 'నవలలు అద్దెకు ఇవ్వబడును' అన్న అక్షరాలు. ఆ గది ఆయన భార్య కుసుమది. వరసకి మేనమామ కొడుకే మొగుడు కాబట్టి ఆవిడ ఆయన్ని పెళ్ళికి ముందులాగే 'బావా' అని పిలిచేది. అవతలి గదిలోంచి రాగి తీగ చుట్టే మిషను గిర్రున తిరుగుతుంటే, ఇవతల ఈవిడ చిరిగిన పుస్తకాలకి గోధుమరంగు కాగితపు అట్టలు వేస్తూ కూచునేది. పలాస స్టేషనులో డ్యూటీ దిగిన గార్డులు, జీడిపప్పు ఫ్యాక్టరీల గుమాస్తాలు, కాలేజీ పిల్లలు ఆ గదికి వచ్చేవారు. నేనూ వెళ్ళేవాణ్ణి. ఏ పుస్తకం బాగుంటుందని అడిగితే కుసుమ ఎప్పుడూ రెండు ఇచ్చేది, ఒకటి మనకి నచ్చేది, ఇంకొకటి తనకి నచ్చింది.

తనకి నచ్చింది అంటే నక్షత్రాల మధ్య తిరిగే కథే అయ్యుంటుంది. ఆవిడ పుట్టింది కంచిలి దగ్గర ఒక పల్లెలో. నాన్నకి కొబ్బరి తోట, కొంచెం జీడితోట. అమ్మ వైపు వాళ్ళంతా ఒడియా మాట్లాడేవారు. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఏడాది, రైల్లో ఎవరో మరిచిపోయిన పుస్తకం ఒకటి ఆవిడ చేతికొచ్చింది. అందులో మరమనుషులున్నారు, కాలయంత్రం ఉంది, ఏ రూపం కావాలంటే ఆ రూపం ఎత్తే మాయాంగి అనే గ్రహాంతర జీవి ఉంది. రాసినాయన పేరు రామూర్తి. ఆ వరసలో ఆయనవి ఇంకా చాలా వచ్చాయి. కుసుమ అద్దె గది పెట్టుకున్నాక అన్నీ తెప్పించింది. ఎవరైనా తిరిగిచ్చిన ప్రతిసారీ పేజీలు సరిగా ఉన్నాయా అని చూడ్డానికని తెరిచేది, తెరిచాక చదవకుండా మూసేది కాదు.

వేసవిలో మధ్యాహ్నాలు ఆ గది మెట్టు మీద సూరమ్మ కూచునేది. ఆవిడది మంచినీళ్ళపేట. తెల్లారే ఒడ్డుకొచ్చిన చేపలు గంపలో పెట్టుకుని కాశీబుగ్గ తెచ్చి, అమ్ముడైపోయాక ఇక్కడ మంచినీళ్ళు తాగి ఆటో కోసం చూసేది. సూరమ్మకి చదువు రాదు. కుసుమ చదివి వినిపిస్తే వినేది. నచ్చని చోట నిర్మొహమాటంగా చెప్పేది.

తొంభైతొమ్మిది అక్టోబరు తుఫానులో కొబ్బరి, జీడితోటల సీమ ఉద్దానం నేల కూలింది. కుసుమ పుట్టింటి తోటకి వెళ్ళి చూస్తే కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి పడి ఉన్నాయట. ఎవరో చెప్పి పడుకోబెట్టినట్టున్నాయని ఆవిడ నాతో అంది. ఇంటికొచ్చిన తర్వాత కూడా ఆ చెట్లే కళ్ళ ముందు తిరిగాయి. ఆ తోపు మీదుగా ఏదైనా దిగి ఉంటే, అది ఒంటరిగా ఒడ్డున చిక్కుకుని ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అలా కథ మొదలైంది. ఊసరవెల్లి అన్న మాటలోంచి సగం తెంపి ఆ జీవికి 'ఊసరి' అని పేరు పెట్టింది. తుఫాను తర్వాత ఒక పల్లెలో తేలిన ఊసరి భయపడి ఒకసారి తెప్పలా, ఒకసారి లేగదూడలా, ఒకసారి చనిపోయిన మనిషిలా మారుతుంది. దాన్ని వెనక్కి తీసుకెళ్ళడానికి వెతుక్కుంటూ ఒక మరమనిషి దిగుతాడు. గిరాకీ లేని పూటల్లో రాస్తూ రాస్తూ రెండేళ్ళు పట్టింది.

పుస్తకం పేరు 'తీరం చేరిన చుట్టం'. దాన్ని అచ్చేసింది ఢిల్లీబాబు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు వేసుకునే చిన్న ప్రెస్సు ఆయనది. కుసుమ గదికి పాత ఖాతాదారు. శుభలేఖలే కాకుండా కథల పుస్తకం ఒక్కటైనా తన మిషను మీద పడాలని ఆయన కోరిక. పలాస, టెక్కలి, శ్రీకాకుళం, విజయనగరం బస్టాండుల్లో, స్టేషన్లలో పుస్తకాల బడ్డీలకి తనే తిరిగి ఇచ్చొచ్చాడు. జనం కొన్నారు. టెక్కలి నుంచి ఒక టీచరు మెచ్చుకుంటూ కార్డు రాసింది. కుసుమ ఆ ఏడంతా ఉత్సాహంగా ఉండేది.

రెండువేల నాలుగు వేసవిలో రిజిస్టరు పోస్టులో లాయరు నోటీసు వచ్చింది. పంపింది విజయవాడలో ఒక ప్రచురణ సంస్థ. రామూర్తి పుస్తకాల హక్కులన్నీ ఆ సంస్థ ఎప్పుడో కొనుక్కుంది. ఇప్పుడు వాటిని టీవీ సీరియలుగా తీయించే ప్రయత్నంలో ఉంది. అందుకని అలాంటి పుస్తకం ఎక్కడ కనిపించినా ఆపించే పనిలో పడింది. నోటీసు ఇంగ్లీషులో ఉంది. ఢిల్లీబాబు కాలేజీలో చదివే ఒకతని చేత తెలుగులో చెప్పించుకున్నాడు. మరమనిషి, కాలయంత్రం, గ్రహాంతరవాసి, కిరణ తుపాకి అనే మాటలు, ఇష్టమొచ్చిన రూపం ఎత్తగల జీవి అనే కల్పన, ఇవన్నీ ఆ సంస్థ సొత్తు. కుసుమ వాటిని దొంగిలించింది. కాబట్టి కాపీలన్నీ వాళ్ళకి అప్పగించాలి, పేపర్లో క్షమాపణ వేయాలి, ఇక మీద ఆ మాటలు వాడకూడదు. లేదంటే కోర్టు.

ఢిల్లీబాబు భయపడ్డాడు, తారకేశ్వరరావుకి కోపం వచ్చింది. కుసుమకి మాత్రం వేరే బాధ పట్టుకుంది. ఆ నోటీసులో రామూర్తి పేరుంది. తన పదహారో ఏట నుంచి ఏ మనిషి పుస్తకాలు చదువుకుంటూ బతికిందో ఆ మనిషి తనని దొంగ అనుకుంటున్నాడు. రెండు రోజులు గది తెరవలేదు. మూడో రోజు తెరిచి, రామూర్తి పుస్తకాలున్న అర ముందు ఒక బట్ట వేలాడదీసింది. ఎవరైనా అవి అడిగితే బయటికెళ్ళాయని చెప్పింది.

ఆ సాయంత్రం మొగుడు మిషను ఆపి వచ్చి పక్కన కూచున్నాడు. కోర్టుకి భయపడుతున్నావా అని అడిగాడు.

"కోర్టు కాదు బావా," అంది కుసుమ. "ఆయన నా గురించి ఏటనుకుంటన్నారో అని."

"ఏటనుకుంటన్నారో ఆయన్నే అడిగితే సరి. మద్దిలో ఈ కాయితం ఎందుకు?"

ముందు లాయరు దగ్గరికి వెళ్ళారు. టెక్కలిలో నీలకంఠం అనే ఆయన ఉండేవాడు. భూతగాదాలు, కౌలు తగాదాలు చూసేవాడు. కాపీరైటు కేసు ఆయన జన్మలో పట్టలేదు. ఆ సంగతి దాచకుండా చెప్పి, వారం గడువు అడిగి, శ్రీకాకుళం వెళ్ళి లా పుస్తకాలు తెచ్చుకుని చదివాడు. వారం తర్వాత కుసుమని, తారకేశ్వరరావుని పిలిపించి తనకి అర్థమైనది నిదానంగా చెప్పాడు. ఆలోచన మీద ఎవరికీ కాపీరైటు ఉండదు. విడి మాట మీద అసలే ఉండదు. ఒక ఆలోచనని ఎవరు ఏ మాటల్లో అల్లారో ఆ అల్లిక మీద మాత్రమే ఉంటుంది. సుప్రీంకోర్టు ఈ సంగతి పాతికేళ్ళ కిందటే తేల్చేసింది.

"వల మీద హక్కుంటాది గానీ సంద్రం మీద ఉంటాదేటమ్మా?" అన్నాడు నీలకంఠం. "రూపాలు మార్చేవాళ్ళని కామరూపులంటారు. ఆ మాట మన ముత్తాతల ముత్తాతలకి తెలుసు. దాన్ని విజయవాడలో ఎవరో కొనుక్కున్నారంటే నాను నమ్మాలా?"

తారకేశ్వరరావు నవ్వాడు. నీలకంఠం నవ్వలేదు. ఇంకో మాట ఉందన్నాడు. వాళ్ళ పుస్తకాలూ, కుసుమ పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని ఇంకా చదవలేదు. అల్లిక ఎక్కడైనా ఒకటైతే, అక్కడ వాళ్ళ మాట నిలుస్తుంది. అలా ఏమీ లేదు కదా అని అడిగాడు.

లేదని చెప్పింది కుసుమ. ఆ క్షణాన ఆవిడ నమ్మింది కూడా అదే.

రామూర్తి చిరునామా పాత పుస్తకం వెనక అట్ట మీద దొరికింది. విజయనగరం. రిటైరైన తంతి తపాలా ఉద్యోగి. తారకేశ్వరరావు కొట్టు మూసి పెళ్ళాంతో పాసింజరు ఎక్కాడు. దారిపొడుగునా కుసుమ ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉందట. తీరా ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడేసరికి మొగుణ్ణి ముందుకి నెట్టింది. తారకేశ్వరరావే ఇద్దరి పేర్లూ చెప్పి, నోటీసు సంగతి చెప్పాడు.

రామూర్తికి డెబ్భై దాటింది. కళ్ళద్దాలు మందం. నోటీసు చేతిలోకి తీసుకుని చదివి, చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి ఈ విషయమేమీ తెలియదు. హక్కులు అమ్మేసిన తర్వాత ఆ సంస్థ ఆయనకి ఒక్క ఉత్తరం కూడా రాయలేదు.

"మరమనిషి అన్న మాట నేను పుట్టించలేదమ్మా," అన్నాడు. "నేను నిక్కర్లు వేసుకున్నప్పుడే పత్రికల్లో ఉండేది. కాలయంత్రమూ అంతే. నాకు ముందు ఎవరో వాడారు, వాళ్ళకి ముందు ఇంకెవరో. నేను అడక్కుండానే తీసుకున్నాను. నువ్వూ అలాగే తీసుకో."

తర్వాత ఆమె పుస్తకం ఉందా అని అడిగాడు. కుసుమ సంచిలోంచి తీసి ఇచ్చింది. చదవకుండా ఏం చెప్పగలను, కూచోండి అన్నాడు. ఇంట్లోవాళ్ళు భోజనం పెట్టారు. భోజనమయ్యాక కూడా ఆయన వాలు కుర్చీలో చదువుతూనే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు నవ్వాడు. ఒకసారి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ వాలుతుండగా కుసుమని దగ్గరికి పిలిచి, ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇది మాత్రం నాది."

ఊసరి మొదటిసారి మనిషి రూపం ఎత్తే చోటు అది. అక్కడ నాలుగు వాక్యాలున్నాయి. 'అది మొదట గాజులా ఉంది. గాజులోకి పొగ పాకినట్టు ఏదో పాకింది. ఆ పొగలో రెండు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ కళ్ళు నావే.' రామూర్తి లోపలికెళ్ళి తన పాత పుస్తకం తెచ్చి తెరిచాడు. మాయాంగి మొదటిసారి మారే చోట అవే నాలుగు వాక్యాలు, ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయి.

ఆ నిమిషం గురించి కుసుమ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. అవి రాసిన పూట ఆవిడకి బాగా గుర్తుంది. వాన పడుతోంది. వాక్యాలు తడుముకోకుండా వాటంతటవే వచ్చాయి. తనలో ఇంత మంచి మాటలు ఉన్నాయా అని మురిసిపోయింది కూడా. ఇన్నేళ్ళు చదివీ చదివీ అవి లోపలికి దిగిపోయి, సొంత మాటల్లా బయటికి వచ్చాయని అప్పుడు తెలియలేదు. రామూర్తి గదిలో తల దించుకుని, తెలీక జరిగిందండి అంది. 

రామూర్తి ఆ మాట నమ్మాడు. నమ్మినట్టు పైకి చెప్పలేదు గానీ, లోపలికి కేకేసి టీ తెమ్మన్నాడు. నాలుగు వాక్యాలు ఒక మనిషికి అంత లోతుగా దిగాయంటే రాసినవాడిగా తనకి సంతోషమే అన్నాడు. అయితే అవి ఉంచుకోమని చెప్పే హక్కు ఇప్పుడు తనకి లేదు, కాగితం మీద అవి ఆ సంస్థవి. హక్కున్నా ఉంచుకోమని చెప్పేవాణ్ణి కాదన్నాడు.

"తీసెయ్ తల్లీ. నష్టమేం లేదు. ఈ పుస్తకం మొత్తంలో నువ్వు నీ కళ్ళతో చూడకుండా రాసింది ఇదొక్క చోటే. మిగతా అంతటా నీ ఊరే ఉంది. చెట్లు పడుకున్న పేజీ నేను రాయలేను."

టీ తాగుతుండగానే ఆ సంస్థకి తన చేత్తో ఉత్తరం రాసిచ్చాడు. ఆ మాటలు గానీ, రూపం మార్చే జీవి అన్న ఊహ గానీ తన సొంతం కావని, కాబట్టి తన దగ్గర కొన్నవాళ్ళ సొంతం కూడా కావని అందులో ఉంది. నాలుగు వాక్యాల సంగతి నువ్వే చెప్పు, ఇంకొకరి నోటి ద్వారా బయటపడకూడదు అని కుసుమతో అన్నాడు.

తిరుగు రైల్లో కుసుమ ఏడ్చింది. తారకేశ్వరరావు ఓదార్చబోయాడు. బాధతో కాదు బావా అంది ఆవిడ. ఆయన తనని దొంగ అనలేదు, అబద్ధమూ చెప్పలేదు. అలాంటి మనిషి పుస్తకం చేతికి రావడమే తన అదృష్టం అంది.

నీలకంఠం ఈ సంగతి విని మెచ్చుకున్నాడు. రామూర్తి ఉత్తరం జతచేసి, జవాబులో రెండు ముక్కలే రాశాడు. నాలుగు వాక్యాలు పొరపాటున వచ్చాయి, అవి తీసేసేదాకా నా క్లయింట్లు పుస్తకం అమ్మరు. మాటల మీద, జీవి మీద మీరు చెప్పే హక్కుని మాత్రం ఒప్పుకోరు. ఢిల్లీబాబు బడ్డీలన్నీ తిరిగి అమ్ముడుపోని కాపీలు వెనక్కి తెచ్చాడు.

ఇప్పుడు ఆ చోట కొత్తగా రాయాలి. కుసుమకి పెన్ను కదల్లేదు. ఏం రాసినా ఆ పొగ, ఆ గాజు అడ్డొచ్చేవి. మెట్టు మీద కూచున్న సూరమ్మతో ఈ మాట చెప్పుకుంది. రూపం మారడం ఎలా ఉంటుందో తెలియడం లేదంది.

"తెలకపోతే వొచ్చి సూడు," అంది సూరమ్మ. "మా వోళ్ళ వల్లో ఒకో పాలి రంగులు మార్సేది పడతాది. గదిలో కూకుంటే ఏటి కనిపిత్తాది?"

కుసుమ మంచినీళ్ళపేట వెళ్ళింది. మొదటి రోజు అలాంటిదేమీ పడలేదు. సూరమ్మ ఇంట్లోనే ఉండిపోయి, మర్నాడు పొద్దున్న తెప్పలు ఒడ్డుకొచ్చేటప్పుడు ఇసకలో నిలబడింది. చేపల మధ్య మెత్తటి శరీరంతో, తలకి చేతులు మొలిచినట్టున్న సముద్రపు జీవి ఒకటి జారి కింద పడింది. ఇసక మీద పడగానే ఇసక రంగయింది. సూరమ్మ వంగి చూస్తే ఆమె నీడ పడిన మేర నల్లబడింది. ఒళ్ళంతా చిన్న చిన్న చుక్కలు లేస్తూ ఆరుతూ ఉన్నాయి. కుసుమ దాని పక్కనే మోకాళ్ళ మీద కూచుంది. అది దాక్కోవడానికి చూస్తోందా, తమతో ఏదైనా చెప్పడానికి చూస్తోందా ఆవిడకి అర్థం కాలేదు. చివరికి సూరమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి నీళ్ళలో వదిలేసింది. పోనీయమ్మా, అమ్మితే ఎవులు కొంతారు అంది.

ఆ ఒడ్డునే కూచుని కుసుమ రాసింది. 'ఒడ్డున పడ్డ ఊసరి ఇసక రంగుకి తిరిగింది. పక్కన ఎర్రచీర కొంగు ఆడితే ఆ ఎరుపు దాని ఒంటి మీద చినుకుల్లా లేచి ఆరిపోయింది. అది దాక్కోవడం లేదు. ఎవరైనా చుట్టమనుకుంటారేమోనని, చూసినవాళ్ళందరి రంగూ ఒక్కొక్కటే వేసుకుని చూపిస్తోంది.'

ఢిల్లీబాబు ఆ ఒక్క పేజీ మళ్ళీ అచ్చేశాడు. తారకేశ్వరరావు తన కొట్టులో బల్ల ఖాళీ చేసి, వెనక్కొచ్చిన ప్రతి కాపీలో పాత పేజీ మొదలు దాకా బ్లేడుతో కోసి, కొత్తది అతికించాడు. రాగి తీగ చుట్టే చెయ్యి కాబట్టి అతుకు కనిపించేది కాదు. నా దగ్గరున్న కాపీలో ఆ పేజీ మిగతా వాటికన్నా కాస్త తెల్లగా ఉంటుంది, అంతే తేడా.

విజయవాడ నుంచి చాన్నాళ్ళు జవాబు రాలేదు. వానలు పడ్డాక వచ్చింది. ఆ నాలుగు వాక్యాలు తీసేశారు కాబట్టి ఇక ఏ చర్యా తీసుకోము అని మాత్రం ఉంది. మరమనిషి గురించీ, కాలయంత్రం గురించీ ఒక్క ముక్క లేదు. వాళ్ళ సీరియలు కూడా మేమెవ్వరం ఏ ఛానెల్లోనూ చూడలేదు. నీలకంఠం ఫీజు మాటెత్తనివ్వలేదు. భూముల హద్దులు కొలిచీ కొలిచీ విసిగిపోయిన తనకి, హద్దు లేని దాని గురించి చదివే అవకాశం ఇచ్చారు, అది చాలన్నాడు.

కుసుమ ఆ తర్వాత ఏటేటా విజయనగరం వెళ్ళి రామూర్తిని చూసొచ్చేది. వెళ్ళేటప్పుడు జీడిపప్పు పట్టుకెళ్ళేది, కొత్తగా రాసింది పట్టుకెళ్ళేది. ఆయన చదివి, బాగున్న చోట ఏమీ అనేవాడు కాదు. బాగులేని చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టేవాడు. రెండువేల ఏడులో ఆయన పోయాడు. అప్పటికి ఆవిడవి ఇంకో రెండు పుస్తకాలు వచ్చాయి. రెండింటికీ ముందు పేజీలో ఆయన పేరు, నీలకంఠం పేరు, సూరమ్మ పేరు ఉన్నాయి. టీవీలు ఇంటింటికీ వచ్చి అద్దె నవలల గిరాకీ పడిపోయాక ఆ గది మూసేసింది. పుస్తకాలన్నీ తీసుకెళ్ళి ఒక కాలేజీ లైబ్రరీకి ఇచ్చేసింది. అందుకు దిగులు పడ్డట్టు నాకు కనిపించలేదు.

ఆ మరుసటి ఏడు సోంపేట వైపు ఒక హైస్కూల్లో సైన్సు టీచరు ప్రమోదిని ఆమెకి ఫోను చేసింది. ఊసరి కథని పిల్లలతో నాటకం వేయించాలనుకుంటున్నామని, ఆ జీవిని వాడుకోవడానికి అనుమతి కావాలని అడిగింది. జీవికి అనుమతి అక్కర్లేదని కుసుమ చెప్పింది. అది ఎవరిదీ కాదు. పేరూ తీసుకోండి. తన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పించేటట్టయితే మాత్రం ఎవరు రాశారో ఒక్కసారి చెప్పండి, చాలు అంది.

నాటకానికి మొగుడూ పెళ్ళాం వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. స్కూలు ఆవరణలో బల్లలు కలిపి వేదిక కట్టారు. ఊసరి వేషం వేసిన అమ్మాయి ఏడెనిమిది ఓణీలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, ఒక్కొక్కటే విప్పుతూ రంగు మారింది. అట్టపెట్టెల మరమనిషి నడుస్తూ నడుస్తూ ఒక చెయ్యి రాలగొట్టుకున్నాడు. జనం నవ్వారు. పుస్తకంలో ఊసరి చివరికి ఉప్పునీళ్ళలో కరిగిపోతుంది. పిల్లలు ఆ ముగింపు మార్చేశారు. ఊళ్ళోవాళ్ళందరూ దాన్ని తెప్ప మీద కూచోబెట్టి, సముద్రం లోపలికి తీసుకెళ్ళి, మరమనిషికి అప్పజెప్పి పంపించారు. ప్రమోదిని పరుగెత్తుకొచ్చి, పిల్లలు ఊసరి చావడానికి ఒప్పుకోలేదండి, ఏమీ అనుకోకండి అంది.

కుసుమ ఆవిడ చేతులు పట్టుకుని చాలా బాగుందంది. కాశీబుగ్గ బస్సులో నా ముందు సీట్లో కూచుని, కిటికీ పక్కకి తల వాల్చి మొగుడితో చెబుతోంది.

"నాకు ఇది తోచలేదు బావా. పిల్లలది బాగుంది."

ఏటి బాగుందే, ఊసరి బతికిపోతే రెండో భాగం రాయాల నువ్వు అన్నాడు తారకేశ్వరరావు. రాస్తానంది ఆవిడ, ముందు ఆ పిల్లల్ని అడిగి.